ముఖానికి ఫిల్లర్ వేయించుకునే ముందు: అడగాల్సినవి, చూడాల్సినవి

ఫిల్లర్ వేయించుకోవాలనుకునేవాళ్లు మొదట ధర అడుగుతారు. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉంటుందని అడుగుతారు. ఈ రెండింటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: “మందు రక్తనాళంలోకి పోతే ఇక్కడ ఏం చేస్తారు?” హన్మకొండ కానీ, కరీంనగర్ కానీ, మంచిర్యాల కానీ, హైదరాబాద్ కానీ, ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పిన చోటే ముఖం మీద సూది పెట్టనివ్వండి. ఫిల్లర్‌తో వచ్చే మిగతా ఇబ్బందులు చాలావరకు సర్దుకుంటాయి, లేదా సర్దించుకోవచ్చు. రక్తనాళం మూసుకుపోయాక చేజారిన గంటలు మాత్రం తిరిగి రావు.

అసలు లోపలికి ఎక్కించేది ఏమిటి

ఫిల్లర్ అంటే చర్మం కింద పలచబడ్డ చోటును నింపే జెల్. వయసుతో పాటు బుగ్గల్లో కొవ్వు తగ్గుతుంది, ఎముక కూడా కొంత అరుగుతుంది. దాంతో కళ్ల కింద గుంతలు, ముక్కు పక్కనుంచి పెదాల దాకా గీతలు పడతాయి. జెల్ ఆ లోటును లోపలినుంచి పైకి లేపుతుంది. పెదాలు నిండుగా కనిపించడానికి, గడ్డం, దవడ తీరు మార్చడానికి కూడా వాడతారు.

బొటాక్స్ దీనికి పూర్తిగా వేరు. అది కండరాన్ని కొన్ని నెలలపాటు సడలిస్తుంది, అందుకే నుదుటి ముడతలకు వాడతారు. “మేడమ్, బొటాక్స్ ఫిల్లర్ రెండూ ఒకటే” అని చెప్పే చోట కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది హైలురానిక్ యాసిడ్ జెల్. పేరులో యాసిడ్ ఉన్నా మంట పుట్టించేది కాదు. మన చర్మంలో, కీళ్లలో, కంట్లో సహజంగానే ఉండే పదార్థం అది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు ఆవు కంటి గుజ్జులోంచి దీన్ని మొదటిసారి వేరు చేశారు. ఇప్పటి ఫిల్లర్ల కోసం ఎక్కువగా బ్యాక్టీరియాను పులియబెట్టి తయారుచేస్తారు. శాకాహారులు దీని గురించి అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. మామూలు హైలురానిక్ యాసిడ్ ఒంట్లో త్వరగా కరిగిపోతుంది. అందుకే దాని పోగుల్ని రసాయనంతో ఒకదానికొకటి ముడివేసి జెల్‌గా చేస్తారు. ఆ ముడుల వల్లే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుంది. కొందరిలో ఏళ్ల తర్వాత కూడా ఎంఆర్ఐ స్కానులో కనిపించింది. అందుకని “ఏడాదికి పూర్తిగా పోతుంది” అన్న మాటను రాసిచ్చిన హామీలా తీసుకోకండి.

ఈ రకానికి ఉన్న పెద్ద మేలు ఏమిటంటే, తేడా వస్తే హైలురానిడేజ్ అనే ఇంజక్షన్‌తో కరిగించవచ్చు. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, పాలీ ల్యాక్టిక్ యాసిడ్, పీఎంఎంఏ లాంటి వేరే రకం ఫిల్లర్లు ఆ ఇంజక్షన్‌కు కరగవు. ద్రవరూప సిలికాన్‌నైతే దరిచేరనివ్వకండి. అందం కోసం దాన్ని ఒంట్లోకి ఎక్కించడానికి అమెరికాలో కూడా అనుమతి లేదు. మొదటిసారి వేయించుకునేవాళ్లు హైలురానిక్ యాసిడ్ రకం తప్ప మరొకటి ఒప్పుకోవద్దని నా గట్టి మాట. “ఒక్కసారి వేస్తే జీవితాంతం” అని ఎవరైనా ఆశ పెడితే, అందులో ఆశపడాల్సింది ఏమీ లేదు. ముఖం మారుతూనే ఉంటుంది, లోపల వేసింది మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మీ సమస్యకు ఫిల్లర్ మందేనా?

మన దగ్గర చాలామంది వెళ్లేది కళ్ల కింద నలుపు కోసం. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. అద్దం ముందు నిలబడి, కళ్లు మూసుకోనవసరం లేనంత మెత్తని వెలుతురు నేరుగా ఎదురునుంచి ముఖం మీద పడేలా చూసుకోండి. నలుపు పోయినట్టనిపిస్తే అది గుంత వల్ల పడిన నీడ, దానికి ఫిల్లర్ కొంత పనికొస్తుంది. వెలుతురు ఎటునుంచి పడినా నలుపు అలాగే ఉంటే అది చర్మం రంగు. మన ఛాయ చర్మాల్లో ఇది చాలా మామూలు, ఎన్ని ఎంఎల్ నింపినా పోదు. కంటి కింద సంచీలు ఉబ్బి ఉన్నవాళ్లకైతే జెల్ నీరు పట్టి ఇంకా ఉబ్బిపోవచ్చు.

రంగు సమస్యే అనిపిస్తే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, అక్కడి ఓపీలో చూపించుకోండి. వరసలో నిలబడాల్సి రావచ్చు కానీ, మీకు ఏదీ అమ్మాల్సిన అవసరం లేని డాక్టరు చెప్పే మాట అది. అలాంటి మాట ఒకటి విన్నాక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే మనసు స్థిమితంగా ఉంటుంది.

ఇంకో మాట, అమ్మాయిల తల్లులకు, అత్తలకు కూడా. పెళ్లిచూపులకు ముందు “ఆ పెదాలు కాస్త సరిచేయించు బిడ్డా” అని ఇంటివాళ్లు తోస్తే వెళ్లే పని కాదిది. వేయించుకునే మనిషికి తనంతట తనకు అనిపించాలి, వద్దనుకుంటే కుర్చీలో కూర్చున్నాక కూడా వద్దనగలగాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అందం కోసం ఈ సూది అసలే వద్దు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పెదాలు, బుగ్గల లాంటి చోట్లకు అనుమతి ఇచ్చింది కూడా 22 ఏళ్లు నిండినవాళ్లకే.

సూది పట్టేది ఎవరు?

ఇది బ్యూటీ పార్లర్ పని కాదు, వైద్యం. చర్మవైద్యంలో ఎండీ, డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ చేసినవాళ్లు, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసినవాళ్లు దీనికి తగినవాళ్లు. ముఖంలో ఏ రక్తనాళం ఏ లోతులో పోతుందో చదివి, వైద్య కళాశాలలో శవాన్ని కోసి చూసి నేర్చుకున్నవాళ్లు వాళ్లు. బోర్డు మీద “కాస్మెటాలజిస్ట్” అని ఒక్క ముక్కే ఉంటే ఆగండి. వారం రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నవాళ్లు కూడా ఆ మాట రాసుకుంటారు.

డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. చీటీ మీద, రశీదు మీద ఆ నంబరు ఉండాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. ఆ నంబరుతో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో, జాతీయ వైద్య రిజిస్టరులోనో వెతికితే మనిషి ఉన్నాడో లేడో, ఏం చదివాడో తెలుస్తుంది. క్లినిక్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, జిల్లా వైద్యాధికారి ఇచ్చిన ఆ పత్రం గోడకు కనిపించాలి. మీతో మాట్లాడిన డాక్టరు, బోర్డు మీదున్న డాక్టరు, సూది వేసే డాక్టరు, ముగ్గురూ ఒకరేనా అన్నది కూడా అడిగి తేల్చుకోండి. పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది అయ్యే చోట్లు ఉంటాయి.

“సూదే లేదక్కా, పెన్నుతో కొడతాం, ఏం గాదు” అని పార్లర్‌లో చెబితే నమ్మవద్దు. హైలురాన్ పెన్ అనే ఆ పరికరం గాలి ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి తోస్తుంది. అది ఎంత లోతుకు, ఎక్కడికి పోతుందో పట్టుకున్నవాళ్ల చేతిలో ఉండదు. వీటి వల్ల చర్మానికి, పెదాలకు, కళ్లకు శాశ్వత హాని జరగవచ్చని 2021 అక్టోబరులో ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో జెల్ తెప్పించి వీడియో చూసి సొంతంగా పొడుచుకోవడం ఇంకా ఘోరం.

ఆ ఒక్క ప్రశ్న

ముఖంలోని రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. సూది మొన నాళంలో ఉండగా జెల్ తోస్తే అది రక్తంతో పాటు పోయి ముందున్న సన్నని నాళాన్ని మూసేస్తుంది. ఆ నాళం మీద బతికే చర్మానికి రక్తం ఆగిపోతుంది. సమయానికి కరిగించకపోతే రోజుల్లో నల్లబడి, పుండై, మచ్చగా మిగులుతుంది. ఒత్తిడి ఎక్కువైతే జెల్ వెనక్కి ప్రయాణించి కంటికి రక్తం అందించే నాళంలోకి చేరవచ్చు. అప్పుడు చూపు పోతుంది, ఒక్కోసారి పక్షవాతం కూడా వస్తుంది. కంటిలోని రెటీనా రక్తం లేకుండా గంట, గంటన్నర కంటే ఎక్కువ తట్టుకోలేదు. అలా పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. ఇది అరుదు, నిజమే. కానీ జరిగిన మనిషికి అరుదు అన్న మాట ఏ ఊరటా ఇవ్వదు.

అన్నిటికంటే ప్రమాదం ఎక్కువ ఉన్న చోట్లు కనుబొమ్మల మధ్య, ముక్కు, నుదురు. ముక్కు కొనతేల్చడానికి ఆపరేషన్ లేకుండా ఫిల్లర్ వేస్తామని ప్రకటనలు చాలా కనిపిస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ముక్కుతో మొదలుపెట్టవద్దు. ఇదివరకే ముక్కుకు ఆపరేషన్ అయినవాళ్లయితే ఆ ఆలోచనే మానుకోవడం మంచిది.

కాబట్టి డాక్టరు ఎదుట కూర్చుని ఇలా అడగండి: “హైలురానిడేజ్ మీ క్లినిక్‌లో ఇప్పుడు ఉందా? ఎన్ని వయల్స్ (మందు సీసాలు) ఉన్నాయి? చూడొచ్చా?” మూసుకున్న నాళాన్ని తెరవాలంటే ఒక్క వయల్ చాలకపోవచ్చు, గంటగంటకూ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. కంటి ఆపరేషన్లప్పుడు మత్తు ఇంజక్షన్‌తో కలిపి వాడే మందే ఇది, దొరకదనడానికి వీల్లేదు. “అవసరమైతే మెడికల్ షాపు నుంచి తెప్పిస్తాం” అన్నారంటే అది లేదన్నట్టే. “నా చేతిలో ఎప్పుడూ అలా జరగలేదు” అన్నది కూడా జవాబు కాదు. మంచి డాక్టరు మీ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు. ఏ లక్షణం చూస్తారో, ఏం చేస్తారో, కంటి డాక్టరు ఎవరికి ఫోన్ చేస్తారో వరసగా చెబుతారు. రాత్రి పదకొండింటికి మీరు ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరో కూడా అప్పుడే అడిగి, నంబరు రాసుకోండి.

దూరం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి

మన వైపు నుంచి చాలామంది పొద్దున రైలెక్కి హైదరాబాద్ పోయి, మధ్యాహ్నం పని చేయించుకుని, సాయంత్రానికి కాజీపేటలో దిగుతారు. తప్పేమీ కాదు. కానీ రక్తనాళం మూసుకున్న సంగతి ప్రతిసారీ వెంటనే బయటపడదు. చాలా రకాల జెల్‌లోనే మత్తు మందు కలిసి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియకుండా పోయి, కొన్ని గంటల తర్వాత, అంటే మీరు జనగామ దాటాక బయటపడవచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకైతే ఇంకా దూరం.

అందుకని పొద్దుటి మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. అయ్యాక ఒకటి రెండు గంటలు అక్కడే ఆగి, డాక్టరు మళ్లీ చూసి సరేనన్నాకే కదలండి. చుట్టాలింట్లో ఆ రాత్రి ఉండగలిగితే మరీ మేలు. శనివారం సాయంత్రం అసలే వద్దు, తెల్లారితే ఆదివారం, క్లినిక్‌కు తాళం. ఒంటరిగా వెళ్లకండి. ఇదంతా అతిజాగ్రత్త అనిపించవచ్చు కానీ, అలాంటి డాక్టరే మన ఊళ్లో ఉంటే, చదువూ సరంజామా సరిగ్గా ఉంటే, దగ్గర్లో ఉండటమే పెద్ద లాభం. మహానగరంలోని పెద్ద బోర్డు కంటే ఆ లాభాన్నే నేను ఎక్కువ లెక్కేస్తాను.

వెళ్లేముందు డాక్టరుకు దాచకుండా చెప్పాల్సినవి

గర్భం, పాలివ్వడం ఉంటే వాయిదా వేయండి. ముఖం మీద మొటిమలు చీము పట్టి ఉన్నా, పంటి చీము, సైనస్, జ్వరం ఉన్నా తగ్గేదాకా ఆగండి. పళ్ల డాక్టరు పని ఉంటే రెండు వారాల ఎడం ఉంచండి. టీకా వేయించుకోవాల్సి ఉన్నా అంతే. పెదాల దగ్గర జ్వరం పొక్కులు తరచూ వచ్చేవాళ్లు ఆ సంగతి చెబితే ముందే మాత్రలు రాస్తారు, లేకపోతే సూది పోటుకు అవి మళ్లీ లేస్తాయి. లూపస్, కీళ్లవాతం లాంటి రోగాలు, అలర్జీలు, తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోయిన అనుభవం, ఇదివరకు వేయించుకున్న ఫిల్లర్లు, అన్నీ చెప్పండి. తేనెటీగ సంగతి ఎందుకంటే, వాటి విషంలో కూడా హైలురానిడేజ్ ఉంటుంది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. గుండెకో, పక్షవాతానికో రాసిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టరును అడగండి. ఆపొద్దంటే కాస్త ఎక్కువ కమిలినా ఓర్చుకోవాలి, లేదా ఫిల్లరే మానుకోవాలి. చేపనూనె గోలీలు, విటమిన్ ఇ, ఒళ్లునొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివైతే డాక్టరును అడిగి వారం ముందు ఆపుకోవచ్చు.

ఆ రోజు

సీల్ ఉన్న పెట్టె మీ ముందే తెరవాలి. పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎంఆర్‌పీ చూడండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఉండాలి. మన దేశంలో ఫిల్లర్లు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. అవేవీ లేని పెట్టె ఎవరి బ్యాగులోనో వచ్చిందని అర్థం. ఎంఆర్‌పీ కంటే బాగా తక్కువకు చేస్తామంటే ఎలా కుదురుతుందో అడగండి. చాలా సిరంజిల్లో ఉండేది ఒక ఎంఎల్, అంటే టీస్పూనులో అయిదో వంతు. ఒక మనిషికి తెరిచిన సిరంజి ఇంకొకరికి వాడకూడదు. అందులో మిగిలింది దాచి మూడు నెలలకు మీకే వేస్తామన్నా ఒప్పుకోవద్దు.

లోపల ఉండే స్టిక్కరు ఒకటి మీ కాగితానికి అంటించి ఇవ్వమనండి. ఎక్కడ ఎంత వేశారో రాయించుకోండి. ముఖం ఫొటోలు ముందు, తర్వాత తీయించుకోండి. కొంతమంది డాక్టర్లు మొన మొద్దుగా ఉండే క్యాన్యులా అనే సన్నని గొట్టంతో వేస్తారు, దాంతో ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మొదటిసారి తక్కువే వేయించుకోండి. చాలకపోతే రెండు వారాలకు ఇంకొంచెం వేయించుకోవచ్చు.

వేసేటప్పుడు ఒక్కసారిగా విపరీతమైన నొప్పి, కంట్లో నొప్పి, చూపు మసక, రెండుగా కనిపించడం, ఇందులో ఏది వచ్చినా వెంటనే “ఆపండి” అనండి. ఓర్చుకోవడం మంచితనం అనుకునే చోటు కాదిది.

ఇంటికి వచ్చాక మొదటి రెండు రోజులు

వాపు, కొంచెం కమలడం, ముట్టుకుంటే నొప్పి మామూలే. పెదాలు రెండో రోజుకు ఎక్కువ వాచి భయపెడతాయి, తర్వాత దిగుతాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. గుడ్డలో చుట్టిన మంచుముక్కతో మెల్లగా అద్దుకోవచ్చు. రెండు రోజులు బరువులు, పరుగు, ఆవిరి పట్టడం, మద్యం తాగడం మానండి. మన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం బయట తిరగకండి. బోర్లా పడుకోకండి. డాక్టరు చెప్పకుండా పిసకకండి.

మామూలు కానిది ఎలా గుర్తుపట్టాలో బాగా చదవండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటుంది. వేసిన చోట, లేదా దాని పక్కన, చర్మం పాలిపోతుంది, లేదా వల పరిచినట్టు ఊదా గీతలు కనిపిస్తాయి. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. తర్వాతి రోజుల్లో చిన్న చీము పొక్కులు లేస్తాయి, వాటిని మొటిమలనుకుని మోసపోతారు. పుస్తకాల్లో కనిపించే ఫొటోలు ఎక్కువ తెల్లచర్మానివే. చామనఛాయ, నలుపు ఛాయ ఉన్నవాళ్లలో ఆ పాలిపోవడం కంటికి సులువుగా ఆనదు. అందుకని వేలితో నొక్కి వదలండి. రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. ముఖానికి రెండో వైపు కూడా నొక్కి పోల్చండి. పెదాలకు వేయించుకుంటే పెదవి లోపలి వైపు నొక్కి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రంగు ఆలస్యంగా వస్తుంటే, నొప్పి ఉంటే, అక్కడ మంచు పెట్టకండి, పొద్దునదాకా ఆగకండి. డాక్టరుకు ఫోన్ చేసి, ఫొటో పంపి, వెంటనే బయలుదేరండి.

చూపులో ఏ తేడా వచ్చినా, కనురెప్ప వాలినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగం ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. దారిలోనే మీ డాక్టరుకు చెప్పండి. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఎంజీఎం ఉంది. “హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ వేయించుకున్నాను, ఇన్ని గంటలకు” అని మొదటి మాటగా చెప్పి, స్టిక్కరు ఉన్న కాగితం చూపించండి. సిగ్గుపడి దాచితే వాళ్లు వేరే రోగం వెతుకుతూ ఉంటారు.

పెళ్లి ఉంటే

కనీసం ఆరు వారాల ముందు వేయించుకోండి. వాపు పూర్తిగా దిగి అసలు రూపు తేలడానికి రెండు వారాలు పడుతుంది, తేడా ఉంటే సరిచేయడానికి ఇంకొన్ని వారాలు కావాలి. నలుగు పెట్టేటప్పుడు పిండి, పసుపు పట్టించి ముఖం గట్టిగా రుద్దుతారు. ఫేషియల్‌లో అయితే ఇంకా ఎక్కువ. ఫిల్లర్ వేయించుకున్న రెండు వారాల్లోపు అవేవీ పడకూడదు. పెళ్లికి పది రోజులుండగా క్లినిక్‌కు పోతే, మంచి డాక్టరు వద్దనే అంటారు.

నెలలు గడిచాక

వారాలకో నెలలకో వేసిన చోట గట్టి గడ్డ, ఎరుపు, వాపు రావచ్చు. వైరల్ జ్వరమో పంటి చీమో వచ్చినప్పుడు మానిపోయిందనుకున్న చోటు మళ్లీ ఉబ్బవచ్చు. ఇంట్లో పిండడం, కాపడం పెట్టడం చేయకుండా వేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. కళ్ల కింద నీలిరంగు జీరలా కనిపిస్తే జెల్ మరీ పైపైన పడిందని అర్థం, దాన్ని కరిగించవచ్చు.

హాని జరిగి, క్లినిక్ మొహం చాటేస్తే ఊరుకోవద్దు. డాక్టరు నిర్లక్ష్యం మీద, లేదా డాక్టరే కాని మనిషి సూది వేసినట్టయితే దాని మీద, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. క్లినిక్ మీద జిల్లా వైద్యాధికారికి రాయవచ్చు. అర్హత లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లాలి. వీటన్నిటికీ బిల్లు కావాలి. అందుకే నగదు ఇచ్చినా సరే, డాక్టరు పేరు, వాడిన ఫిల్లర్ పేరు ఉన్న రశీదు తీసుకుని, స్టిక్కరు అంటించిన కాగితంతో కలిపి ఫైల్లో పెట్టుకోండి.